ఆయమ్మ ఊకొట్టిన కథలు

కొబ్బరి డొక్కల పొగ బట్టలకు పట్టిందంటే రెండు ఉతుకులకు గాని వదలదు. మా ఊరి బడిలో చాలా ఏళ్ళు వంట చేసిన ఆయమ్మ ఈ మధ్య కాలం చేసింది. దినకార్యానికి వెళ్ళేసరికి పెరట్లో గాడిపొయ్యి తవ్వి, డొక్కలూ ఎండుమట్టలూ ఎగదోసి, పెద్ద గుండిగలో పప్పుచారు కాస్తున్నారు. గాలి వాలు మారి ఆ పొగ నా మీదికి రాగానే నాకు గుర్తుకు వచ్చింది ఆవిడ చేతి వంట కాదు, శాఖా గ్రంథాలయం పుస్తకాలు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు చదివి వినిపించడానికి నేను తెచ్చిన బొమ్మల పుస్తకాలన్నింటికీ సరిగ్గా ఈ వాసనే ఉండేది. ఒకసారి గ్రంథాలయంలో ఆయన నేను తిరిగి ఇచ్చిన పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "మేస్టారూ, వీటిని పిల్లలకు చదువుతున్నారా, పొయ్యి మీద కాల్చి పెడుతున్నారా?" అని అడిగాడు.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. వంటపాకకూ ఒకటో తరగతి గదికీ మధ్య రెక్కలు ఊడిన కిటికీ ఒక్కటే అడ్డం. గ్యాసు బండ ఉండేది గాని, అది అయిపోయి ఇంకొకటి వచ్చే లోపు డొక్కల పొయ్యే దిక్కు. ఆ కిటికీలోంచి పొగ మా గదిలోకి వచ్చేది, మా కథ ఆవిడ దగ్గరికి వెళ్ళేది. కథ చెప్పేవాడికి ఊకొట్టేవాళ్ళు ఒకరు ఉండాలని పెద్దలు అనేవారు. పిల్లలు కథలో బాగా పడిపోతే ఊకొట్టడం మరిచి, నోళ్ళు తెరుచుకుని ఉండిపోతారు. అప్పుడు కిటికీ అవతల నుంచి, బియ్యం కడుగుతున్న చప్పుడు మధ్యలో, తగ్గు గొంతుతో "ఊ" అని వినిపించేది.

* * *

నాకు బిగ్గరగా చదవడం అలవాటు చేసింది మా నాయనమ్మ. కళ్ళకు శుక్లాలు వచ్చి అక్షరాలు అలుక్కుపోతున్నాయని, సాయంత్రం దీపాలు పెట్టిన తరువాత నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని చదివించుకునేది. 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామ నా చిన్ననాటికి ఊరూరా పాకిపోయింది. మా ఇంటికి అది కొని తెచ్చుకునే స్తోమతు లేదు కనుక, కరణంగారి ఇంట్లో అందరూ చదవడం అయిపోయాక, అట్ట నలిగి, ఒక్కోసారి నడిమి కాగితం ఊడిపోయి మాకు వచ్చేది. పేజీకి ఒక మామిడితాండ్ర ముక్క నా కూలి. తాండ్ర కూడా మా నాయనమ్మే చాప మీద పొర తరువాత పొర పోసి ఎండబెట్టేది. ఆ ముక్క మీద చాప అల్లిక గుర్తులు అలాగే కనిపించేవి.

కూలి మీద ఆశతో నేను పేజీలు దాటించడం మొదలుపెట్టాను. రాజు అడవిలో దారి తప్పిన పేజీ వదిలేసి, నేరుగా రాజకుమార్తెతో పెళ్ళి జరిపించేవాడిని. అతుకు కనపడకుండా మధ్యలో ఒకటి రెండు మాటలు నా సొంతంగా కలిపేవాడిని. నాయనమ్మ ఏమీ అనేది కాదు. తాండ్ర ముక్క మాత్రం ఆ పూట కొంచెం చిన్నదిగా ఉండేది. ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు తోచడానికి చాలా ఏళ్ళు పట్టింది.

* * *

తరువాత నేను తపాలా శాఖలో గుమాస్తాగా చేరి, సబ్ పోస్టుమాస్టరుగా పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం గౌతమి ఒడ్డున, కోటిపల్లి నుంచి పంటు దాటి వచ్చే ముక్తేశ్వరం వైపు ఊళ్ళలోనే గడిచింది. సిరా దిండు మీద ఒక దెబ్బ, కవరు మీద ఒక దెబ్బ, పొద్దున్నే పోస్టాఫీసులో మొదలయ్యే ఆ దబదబలూ, సంచి మూతికి లక్క వేసేటప్పుడు వచ్చే చిరుచేదు వాసనా, రిజిస్టరు మీద గాలికి ఎగిరిపోకుండా పెట్టిన తూకపు రాయీ, ఇవి నాకు ఇప్పటికీ కలలో వస్తాయి. తంతి వచ్చిందంటే మాత్రం అందరికీ గుండె దడే. ఆ తంతి సేవ కూడా 2013 జూలైలో ఆగిపోయింది.

కోనసీమ నుంచి మస్కట్టుకూ, కువైట్‌కూ, దుబాయికీ వెళ్ళినవాళ్ళు అప్పట్లో వీధికి ఇద్దరు ముగ్గురు ఉండేవారు, వాళ్ళలో ఆడవాళ్ళూ తక్కువేమీ కాదు. మధ్యాహ్నం కౌంటరు దగ్గర రద్దీ తగ్గిన తరువాత ఇంటి దగ్గర మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పోస్టాఫీసు మెట్ల మీద కూర్చునేవారు. కొంగు ముడిలోంచి ఉత్తరం తీసి, "చదివిపెట్టండి బాబూ" అనేవారు. నియమాల ప్రకారం అది నా పని కాదు, కానీ నేను కాదన్న రోజు కూడా లేదు. చదివేవాడిని, ఒక్కోసారి దిద్దేవాడిని. అప్పు తీర్చలేదని మొగుడు పెళ్ళాన్ని తిట్టిన తిట్లు నా నోటి నుంచి ఏనాడూ వెలువడలేదు. అక్కడ జబ్బు చేసిందని రాస్తే, కాస్త నలతగా ఉండి తగ్గిందని చదివేవాడిని. నాయనమ్మ దగ్గర తాండ్ర కోసం నేర్చుకున్న విద్యను ఇక్కడ దయ అనుకుంటూ వాడాను. ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో, చంకలో ఆడపిల్లతో, ఆ తరువాత ఎప్పుడో బడి ఆయమ్మ అయిన మనిషి కూడా ఉండేది. మస్కట్టులో ఉన్న ఆవిడ భర్త ఉత్తరాలు నెలకొకటి వచ్చేవి.

* * *

పదవీ విరమణ చేశాక కొన్నాళ్ళు చెట్ల కింద కూర్చుని పేపరు చదవడంతోనే పొద్దు పుచ్చాను. బడిలో అప్పటికి ఒక్క ఉపాధ్యాయురాలే ఉండేది. అయిదు తరగతులకు పాఠం చెప్పడం, హాజరూ ఫొటోలూ ఫోనులో ఎక్కించడం, అన్నీ ఆవిడ ఒక్కతే చూసుకోవాలి. "మాస్టారూ, వారానికి రెండు రోజులు ఒక గంట పిల్లలకు ఏదైనా చదివి వినిపించండి, పుణ్యముంటుంది" అని అడిగింది. చదవడమే కదా, అదేం పని అనుకుని ఒప్పుకున్నాను.

మొదటి రోజు కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని, పై ఆఫీసు నుంచి వచ్చిన సర్క్యులరు చదివినట్టుగా చదివాను. రెండో పేజీ తిప్పకముందే ఒకడు చిటికెనవేలు చూపించి "సార్, ఒంటికి" అన్నాడు. వాడు వెళ్ళగానే ఇంకొకతి లేచింది. అయిదు నిమిషాలు తిరిగేసరికి గదిలో నేనూ, నిద్రపోతున్న ఒక పిల్లవాడూ మిగిలాం. కిటికీలోంచి ఆయమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోస్టుమేస్టారండీ, మా ఉత్తరాలు ఇలా చదివేవారు కాదండి మీరు. మెట్ల మీద మా పక్కనే కూర్చునేవారు కదండీ. ముందు ఆ కుర్చీ దిగండి," అంది.

దిగాను. ఆ తరువాత మళ్ళీ ఎక్కలేదు. చాప మీద కూర్చుంటే పిల్లలు మోకాళ్ళ మీదికి వచ్చేవారు, పుస్తకం బొమ్మ వాళ్ళ వైపు ఉంచి చదవవలసి వచ్చేది. ఇందుకు నా ఉద్యోగమే అక్కరకు వచ్చింది. కౌంటరు అవతల నిలబడి జనం రాసే మనియార్డరు ఫారాలను ఇవతల నుంచి తలకిందులుగానే చదివి తప్పులు పట్టుకున్న కళ్ళు నావి. పుస్తకాన్ని ఒడిలో పిల్లల వైపు తిప్పి పట్టుకుని, అక్షరాలు నాకు తలకిందులుగా, బొమ్మలు పిల్లలకు తిన్నగా ఉంచి, తడబడకుండా చదివేవాడిని. పిల్లలకు అదొక గారడీలా ఉండేది. "తాతయ్యా, నీకు తిన్నగా చదవడం రాదా?" అని ఒక పిల్ల జాలిపడింది కూడా.

పుస్తకాలకు శాఖా గ్రంథాలయమే ఆధారం. ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూ గుమ్మం తొక్కని వాళ్ళే మా ఊళ్ళో ఎక్కువ, కనుక బాలల బీరువా మొత్తం నాదే. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ బొమ్మల పుస్తకాలు అందులో మంచివి. కాలువల మీద పడవలు నడిచిన రోజుల్లో, 1935లో, కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలను పడవకెత్తి కాలువ వెంట ఊరూరా తిప్పారు. సంచీ సైకిలుకు తగిలించుకుని బోదె గట్టు మీద బడికి పోతున్నప్పుడల్లా ఆ పడవ నాకు గుర్తుకు వచ్చేది, కొంచెం గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వం సైకిలు బురదలో జారేవరకే అనుకోండి.

పాత పుస్తకాల భాషతో ఒక చిక్కు వచ్చింది. "నక్క అడవిలో వెళ్లుచుండెను" అని చదివితే ఒకటో తరగతి పిల్లవాడు చేయి ఎత్తి, "వెళ్లుచుండెను అంటే వెళ్ళిందా, వెళ్ళలేదా తాతయ్యా?" అని అడిగాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని ప్రతి ఏటా దండలు వేస్తాం గాని, ఆయన వాదించిన విషయాన్ని ఇంత చిన్న ప్రశ్నలో పెట్టడం నేను అంతకు ముందు వినలేదు. ఆ రోజు నుంచి "చుండెను"లన్నీ నోట్లోనే "తోంది"లుగా మార్చుకుని చదివాను.

* * *

వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగినది పుస్తకంలోని కథ కాదు, ఏడు చేపల కథ. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒక చేప ఎండలేదు. అక్కడి నుంచి ఒక్కొక్కరినే అడుక్కుంటూ పోవడమే ఆ కథ. మొదటిసారి "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" అని నేను అడగగానే, జాలరిపేట నుంచి వచ్చే ఒక కుర్రవాడు గడ్డిమోపు దాకా ఆగకుండా జవాబిచ్చాడు.

"చీరి ఉప్పు పెట్టలేదేమో తాతయ్యా. పొట్ట తియ్యకుండా పెడితే కుళ్ళిపోద్ది గాని ఎండదు."

వాళ్ళ అమ్మ గోదారొడ్డున వలల మీద చేపలు ఆరబెడుతుంది. రాజుగారి కొడుకులకు చేపలు ఆరబెట్టడం రాదని వాడు తేల్చేశాడు. మిగిలినవాళ్ళు మాత్రం గడ్డిమోపు అడ్డం వచ్చిందని ఒప్పుకుని, ఆవును అడిగి, ఆవు మేయకపోతే గొల్లవాణ్ణి అడిగి, గొల్లవాడు అవ్వ బువ్వ పెట్టలేదంటే "అవ్వా అవ్వా ఎందుకు బువ్వ పెట్టలేదు?" అని గొంతులెత్తి అరిచారు. అప్పుడు ఎవరు ముందు తిరిగారో తెలియదు గాని, పిల్లలందరూ కిటికీ వైపు తిరిగి అడిగారు. వంటపాకలో ఆయమ్మ గరిటె తిప్పడం ఆపకుండానే, "పోస్టుమేస్టారు కథ ఆపలేదు!" అంది.

ఆ నవ్వుకు ఉపాధ్యాయురాలు కూడా పరుగెత్తుకొచ్చింది. ఇక ఆ తరువాత కథలో అవ్వ జవాబు అదే అయింది. పిల్లవాడు ఏడవడం, చీమ కుట్టడం, బంగారు పుట్టలో వేలు పెట్టడం, అన్నీ యథాప్రకారం ఉండేవి. అవ్వ మాట మాత్రం ఆయమ్మదే.

* * *

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. మా లంకల పిల్లలకు ఎక్కాల కంటే ముందు ఈ అంకెలు వస్తాయి. 1986 ఆగస్టు వరదను చూసిన మా తరానికి వేరే లెక్క ఏదీ ఆనదు గాని, 2022 జూలైలో మూడో హెచ్చరిక ఎగరేసినప్పుడు మేమూ బడికి చేరక తప్పలేదు. బడి మెరక మీద ఉంది. లంకలోని కుటుంబాలు మంచాలూ, మేకలూ, ట్రంకు పెట్టెలతో గదుల్లోకి వచ్చాయి. ఆయమ్మ తన ఇంట్లోంచి తెచ్చుకున్నది ఒక రేకు పెట్టె, రెండు కోళ్ళు. వచ్చినది మొదలు పొయ్యి దగ్గరే ఉంది.

రాత్రి కరెంటు లేదు. పిల్లలు నిద్రపోకుండా ఏడుస్తుంటే ఫోను దీపంతో ఒక ఏనుగు కథ చదవసాగాను. ఏనుగు బురదలో దిగబడుతుంది, అడవిలో జంతువులన్నీ ఒక్కొక్కటే వచ్చి లాగుతాయి. కుందేలు, జింక, దుప్పి వచ్చేసరికి ఫోను ఆరిపోయింది. నాకూ ఒళ్ళు అలిసిపోయింది. చీకట్లో ఏం కనపడుతుంది లే అనుకుని, "అందరూ లాగారు, కథ అయిపోయింది, పడుకోండి" అన్నాను. కాసేపు వాన చప్పుడే వినిపించింది. ఆ తరువాత మూల నుంచి ఒక చిన్న గొంతు, చాలా స్పష్టంగా, "తాతయ్యా, ఏనుగు ఇంకా బురదలోనే ఉంది" అంది.

పెద్దవాళ్ళు కూడా నవ్వారు. నేను ఎలుగుబంటినీ, కోతులనూ, చివరకు చీమను కూడా పిలిచి, ఏనుగును పూర్తిగా బయటికి తీసేవరకు వాళ్ళు పడుకోలేదు.

తెల్లవారేసరికి ఎర్రనీరు బడి మూడో మెట్టు దాకా వచ్చి ఉంది. ఆయమ్మ వంటపాకలో పీట వేసుకుని ఉడికించిన గుడ్లు ఒలుస్తోంది. నన్ను చూసి, "రాత్రి బుల్లోడు పట్టేసాడండి మిమ్మల్ని," అంది. తరువాత గుడ్డు మీది పెంకు గోటితో తీస్తూనే, "నేనూ అప్పుడే పట్టేసానండి. చెప్పలేదంతే," అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, రేకు పెట్టె తెరిచి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఉత్తరాల కట్ట తీసింది. కొబ్బరి పీచు తాడుతో కట్టి ఉంది. చదవడం రాని మనిషి అందులోంచి ఒక్క ఉత్తరాన్ని తడుముకోకుండా లాగింది.

"ఇది మీరు చదివినప్పుడు ఆయన కులాసాగా ఉన్నాడన్నారండి. కానీ ఈ అక్షరాలు మా ఆయనవి కాదండి. ఆయన అక్షరాలు గాలికి పడిపోయిన వరిచేనులాగ ఒక పక్కకి వాలిపోయి ఉంటాయి. ఇవేమో నిటారుగా నిలబడ్డాయి. ఆయన రాయలేదంటే చెయ్యి బాగోలేదని కదండీ."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదమ్మా?"

"మీరు అంత కష్టపడి చదువుతుంటే ఏం అడగమంటారండి."

భర్త రెండేళ్ళకు కుడిచేతికి రెండు వేళ్ళు లేకుండానే తిరిగి వచ్చాడు, ఊళ్ళో కిళ్ళీ కొట్టు పెట్టుకున్నాడు, కాలం చేసి కూడా చాలా ఏళ్ళయింది. ఆ వేళ్ళ సంగతి ఊరందరికీ తెలిసిందే. అయినా ఆవిడ ఆ ఉత్తరం నా చేతికిచ్చి, "ఇప్పుడు మొత్తం చదవండి," అని మళ్ళీ గుడ్లు ముందుకు లాక్కుంది.

చదివాను. మిషన్‌లో చెయ్యి పడిందనీ, గదిలో ఉండే కుర్రాడి చేత ఈ ఉత్తరం రాయిస్తున్నాననీ, రెండు నెలలు డబ్బు పంపలేననీ, పుస్తెలు తాకట్టు పెట్టవద్దనీ, పాపను వానలో తిప్పవద్దనీ ఉంది. ఆవిడ ప్రతి వాక్యానికీ, కథకు కొట్టినట్టే, "ఊ" కొట్టింది. వేళ్ళ దగ్గర కూడా ఊ అనే అంది. చివరన, సంతకం పైన, ఆ నిటారు అక్షరాల్లోనే ఒక పంక్తి ఉంది: ఈ ఉత్తరం చదివి వినిపించిన వారికి నా నమస్కారములు. ఆ రోజు పోస్టాఫీసు మెట్ల మీద తొందరగా ముగించి మడిచి ఇచ్చేసిన కంగారులో నేను ఆ పంక్తి కూడా దాటేశాను.

"ఊ," అంది ఆయమ్మ. నాలుగు గుడ్లు పళ్ళెంలో పెట్టి నా ముందుకు తోసింది.

* * *

ఆ ఏటి నుంచే మా బడిలో మూడు నుంచి అయిదు తరగతుల పిల్లలను హైస్కూలుకు పంపేశారు. ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. బడి భోజనం పేరు కూడా మారుతూ వచ్చింది. చివరకు లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినప్పుడు ఆయమ్మ సంబరం చూడాలి. వేళకాని వేళ వచ్చినవాళ్ళకు కూడా వండి పెట్టిన ఆ తల్లిని గురించి, "మన సీమ ఆవిడేనండి," అని సొంత చుట్టాన్ని తలుచుకున్నట్టు పిల్లలకు చెప్పేది. ఆ ముచ్చట ఎన్నాళ్ళో సాగలేదు.

దినకార్యం అయిన మూడో రోజున బడికి వెళ్ళాను. చొక్కాకు ఇంకా ఆ వాసన ఉంది. వంటకు ఒక కొత్తామె వచ్చింది, పాతికేళ్ళు దాటి ఉండవు, ఎవరితోనూ కలవకుండా తన పని తాను చేసుకుంటోంది. పిల్లలు ఏడు చేపల కథ కావాలన్నారు. వద్దందామని అనుకున్నాను గాని, పేజీలు దాటించే అలవాటు నాకు పోయింది.

చేపను అడిగాం, గడ్డిమోపును అడిగాం, ఆవునూ గొల్లవాణ్ణీ అడిగాం. అవ్వ దగ్గరికి రాగానే పదకొండు తలలూ కిటికీ వైపు తిరిగాయి. "అవ్వా అవ్వా ఎందుకు బువ్వ పెట్టలేదు?"

కొత్తామె గరిటె చేత్తో పట్టుకుని బిత్తరపోయి నిలబడింది. తనను నిజంగానే అడుగుతున్నారనుకుని, "అయిపోతందండి, ఇంకో పది నిమిషాలు," అని నా వంక చూసి సంజాయిషీ చెప్పుకుంది. జాలరిపేట కుర్రవాడి చెల్లెలు ఇప్పుడు ఒకటో తరగతి. అది లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, గడ్డం కిటికీ గట్టుకు ఆనించి చెప్పింది.

"అలా కాదక్కా. 'పోస్టుమేస్టారు కథ ఆపలేదు' అనాలి నువ్వు."